గుంపులో గోవిందయ్యకు ఒక్క డైలాగు

నా ఎడమ మోచెయ్యి సినిమాలో నటించింది. మిగతా శరీరం కూడా ఆ రోజు షూటింగుకు వెళ్ళింది గానీ, ఎడిటింగులో పోయింది. పెళ్ళి సీను. పొద్దున్నే ఆరింటికి పట్టుపంచె కట్టించి మండపం పక్కన నిలబెట్టారు. రాత్రి ఎనిమిదింటి దాకా అదే పెళ్ళి పద్దెనిమిది సార్లు జరిగింది. పద్దెనిమిది సార్లూ నేను మనసారా అక్షింతలు వేశాను. విడుదల రోజున ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్ళతో కలిపి పదకొండు మందిమి థియేటర్‌కి వెళ్ళాం. పెళ్ళికూతురి తండ్రి కళ్ళు తుడుచుకుంటుంటే తెరకు ఎడమ అంచున, ఒకటిన్నర సెకను పాటు ఒక మోచెయ్యి, దాని కింద ఒక వాచీ కనబడతాయి. వాచీ మా మావగారు పెట్టింది. కాబట్టి మోచెయ్యి నాదేననడానికి సాక్ష్యం ఉంది. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ “వాచీ బాగా చేసింది” అంటుంది.

ఇంత అనుభవం ఉన్నవాణ్ణి, పైగా ఉండేది హైదరాబాదు యూసుఫ్‌గూడలో, సినిమా జనం ఉండే కృష్ణానగర్‌కి కూతవేటు దూరంలో. అందుకని మా బంధువర్గంలో నన్ను సినిమా మనిషిగానే లెక్కేస్తారు. పెళ్ళిళ్ళలో ఏ హీరో సినిమా ఎప్పుడొస్తుందో నన్నే అడుగుతారు. నేనూ పొద్దున పేపర్లో చదివిందే గొంతు తగ్గించి చెబుతుంటాను. గొంతు తగ్గిస్తే పేపర్ వార్త కూడా లోపలి సమాచారంలా వినిపిస్తుంది.

మొన్న సంక్రాంతి వెళ్ళాక తెనాలి నుంచి మా వదిన ఫోన్ చేసింది. మూడేళ్ళు కోచింగ్ తీసుకుని సంపాదించిన బ్యాంకు ఉద్యోగం వదిలేసి, మా అన్నయ్య కొడుకు నటుణ్ణవుతానంటున్నాడట. “నువ్వా రంగంలో ఉన్నవాడివి కదయ్యా, నువ్వు చెబితే వింటాడు” అంది. ఆ రంగంలో ఉన్నది నా మోచెయ్యి మాత్రమేనని అలాంటి సమయంలో చెప్పడం మర్యాద కాదు. పంపించమన్నాను.

వచ్చినవాడికి నీతులు చెప్పలేదు. మందు పట్టించాను. (ఆ మందు కాదు.) బీబీసీ వాళ్ళ ‘ఎక్స్‌ట్రాస్’ (అంటే సినిమాల్లో గుంపులో నిలబడేవాళ్ళు) అనే కామెడీ సీరియల్ ముందు కూర్చోబెట్టాను. రికీ జర్వైస్, స్టీఫెన్ మర్చంట్ అనే ఇద్దరు రాసి, దర్శకత్వం చేసి, అందులో నటించారు కూడా. 2005 జూలైలో మొదలై, 2007 డిసెంబరులో క్రిస్మస్ ప్రత్యేక భాగంతో అయిపోయింది. మొదటి సిరీస్ 6, రెండోది 6, ప్రత్యేకం 1, మొత్తం 13 భాగాలు. మన సీరియళ్ళలో 13 భాగాలకి అత్తగారు మెట్లు దిగడం కూడా పూర్తి కాదు. వీళ్ళు ఆ కాస్త జాగాలోనే ఒక మనిషిని గుంపులోంచి పైకి లేపి, ఆకాశంలో తిప్పి, మళ్ళీ కింద పడేశారు. శని, ఆదివారాలు రెండు రోజుల కోర్సు, మధ్యలో మా ఆవిడ పెసరట్లు. సోమవారానికల్లా కుర్రాడు బుద్ధిగా బ్యాంకు కౌంటర్లో కూర్చుంటాడని నా లెక్క.

లెక్కకి కారణం ఉంది. అందులో ప్రధాన పాత్ర ఆండీ మిల్‌మన్ కూడా బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చినవాడే. నలభై దాటాయి. పొట్ట వచ్చింది. ఏళ్ళ తరబడి సినిమాల్లో గుంపులో నిలబడుతున్నాడు గానీ, ఎవరైనా నువ్వు ఎక్స్‌ట్రావా అంటే మాత్రం ఊరుకోడు, నటుణ్ణి అంటాడు. వాడి జీవితాశయం ఒక్కటే. ఒక్క డైలాగు.

ఇక్కడ పాఠకులకు కొంత శాస్త్రజ్ఞానం అందించడం నా బాధ్యత. వెనక నిలబడేవాడికి డైలాగు మీద అంత మమకారం ఎందుకంటే, నోరు విప్పని మనిషికీ, ఒక్క మాటైనా పలికిన మనిషికీ సినిమా లెక్కల్లో కులాల మధ్య ఉన్నంత తేడా ఉంది. మాట పలికితే రేటు మారుతుంది, పేరు పడే అవకాశం ఉంటుంది, భోజనాల దగ్గర ఏ లైన్లో నిలబడాలో కూడా మారిపోవచ్చు. పలకనివాడి పని ఇంకా కష్టం. హోటల్ సీన్లో వెనక టేబుళ్ళ దగ్గరున్నవాళ్ళు నవ్వాలి, తల ఊపాలి, పెదాలు కదపాలి, శబ్దం మాత్రం రాకూడదు. ముందు కూర్చున్న పెద్దవాళ్ళ మాటలు రికార్డవుతుంటాయి. మన దగ్గర చాలావరకు డబ్బింగే కాబట్టి వెనకవాడు కాస్త గొణిగినా ప్రపంచం మునిగిపోదు. అయినా మనవాళ్ళూ గొణగరు. అలవాటు.

ఇంగ్లండులో వీళ్ళకి కాగితాల మీద ‘సపోర్టింగ్ ఆర్టిస్ట్’ అని గౌరవప్రదమైన పేరుంది. మన పరిశ్రమ మద్రాసులో ఉన్న రోజుల్లో వీళ్ళని ఎక్స్‌ట్రాలనే అనేవారు. తర్వాత ఎవరికో మనసు నొచ్చుకుని జూనియర్ ఆర్టిస్టులన్నారు. దాంతో సమస్య తీరిపోయింది. డెబ్భై ఏళ్ళ తాతగారు నలభై ఏళ్ళుగా పెళ్ళిపెద్దగా, కోర్టులో జనంగా, శవం వెనక నడిచే బంధువుగా నటిస్తున్నా ఆయన జూనియరే. నిన్న మొదటి సినిమా విడుదలైన కుర్రాడు మాత్రం పేరుకు ముందు బిరుదుతో సహా స్టారు.

నిజానికి గుంపులో నిలబడే కళ సినిమాలకే పరిమితమనుకోవడం పొరపాటు. మా వీధి మొదట్లో ప్రతి పుట్టినరోజుకీ ఒక ఫ్లెక్సీ లేస్తుంది. నాయకుడు మధ్యలో ఇరవై అడుగుల ఎత్తున నమస్కారం పెడుతుంటాడు. ఆయన మోకాళ్ళ చుట్టూ ముప్పై, నలభై పాస్‌పోర్టు ఫొటోలు. ప్రతి ఫొటోలోని మనిషీ సెల్‌ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో అత్యవసరంగా మాట్లాడుతుంటాడు. శబ్దం రాదు. వాళ్ళకీ డైలాగు లేదు. పైగా ఇక్కడ కూలీ ఎదురు, వెనక నిలబడ్డవాడే ఫ్లెక్సీ ఖర్చు పెట్టుకోవాలి. ఈ విషయంలో ఆండీ మిల్‌మన్ అదృష్టవంతుడు.

మొదటి భాగంలో ఆండీ ఒక యుద్ధం సినిమాలో నిలబడతాడు. దర్శకుడు హాలీవుడ్ నటుడు బెన్ స్టిల్లర్, తన పాత్రలో తానే. ఈ సీరియల్లో పెద్ద నటులంతా సొంత పేర్లతోనే వచ్చి, సొంత పరువు తామే తీసుకుంటారు. మనవాళ్ళయితే అలాంటి వేషం ఇవ్వబోయినవాణ్ణి అభిమాన సంఘం వాళ్ళు బతకనివ్వరు. ఆ సినిమా ఎవరి కథ ఆధారంగా తీస్తున్నారో ఆ మనిషి కూడా సెట్లో ఉంటాడు. యుద్ధంలో భార్యను పోగొట్టుకున్నవాడు. ఆండీ అతని పక్కన చేరతాడు, కష్టం వింటాడు, తల ఊపుతాడు, ఓదారుస్తాడు. ఎందుకయ్యా అంటే, దర్శకుడికి చెప్పి తనకో డైలాగు ఇప్పిస్తాడని. ఆ డైలాగు చేతికి అందినట్టే అంది జారిపోతుంది.

అక్కడ నేను టీవీ ఆపి మావాడి మొహం చూశాను. సిగ్గు, పశ్చాత్తాపం, వైరాగ్యం, మూడింట్లో ఏదో ఒకటి కనబడాలి.

“చూశావా బాబాయ్, నెట్‌వర్కింగ్ ఎంత ముఖ్యమో” అన్నాడు వాడు.

సరే, మందు ఒంటికి పట్టడానికి టైం పడుతుందనుకున్నాను.

మూడో భాగంలో నటి కేట్ విన్‌స్లెట్ వస్తుంది. నాజీల కాలం నాటి సినిమాలో నన్ వేషం వేస్తూ, ఇలాంటి కథలు చేస్తే ఆస్కార్ ఖాయమని, అందుకే ఒప్పుకున్నానని విరామంలో తాపీగా చెబుతుంది. అది 2005లో వేసిన జోకు. 2009లో ఆమెకు నిజంగానే అలాంటి కథకే ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. సాటి కళాకారుడిగా నేనిందులో జోకును చూడటం లేదు, ప్రణాళికను చూస్తున్నాను. నేనూ ఆ పెళ్ళి సీనులో ఏ మోచెయ్యి ఏ వైపు పెట్టాలో ముందే ఆలోచించుకుని ఉంటే ఈ రోజు పరిస్థితి వేరుగా ఉండేది.

ఇక ఈ వ్యాసం ముఖ్య ఉద్దేశానికి వస్తాను. ఆండీకి ఒక ఏజెంటు ఉంటాడు, డారెన్ లాంబ్. స్టీఫెన్ మర్చంట్ వేశాడు. కరెంటు స్తంభమంత పొడుగు. ప్రపంచమంతా ఇతన్ని పనికిమాలిన ఏజెంటంటుంది. విమర్శకులూ అదే రాశారు. నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. సినిమా చరిత్రలో నిజం చెప్పిన ఏజెంటు ఇతనొక్కడే.

మన దగ్గర వేషం ఇప్పిస్తామనేవాళ్ళని చూడండి. ముందు ఫొటోలు తీయించుకోమంటారు. ఆ ఫొటోలు ఫలానా స్టూడియోలోనే తీయించుకోవాలంటారు. తర్వాత రిజిస్ట్రేషన్, తర్వాత డైరెక్టర్‌గారి తమ్ముడికి చిన్న పార్టీ. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కొడుకు ఈ లెక్కన ఒక మోటార్ సైకిలు ధర సమర్పించుకున్నాడు. ఇంతవరకూ కనీసం గుంపులోకి కూడా ఎక్కలేదు. వాళ్ళు ఒక్కరోజు కూడా “నీ మొహం సినిమాకి పనికిరాదు బాబూ” అనలేదు. ఎంతో మర్యాదస్తులు.

డారెన్ అలా కాదు. ఆండీకి వేషాలు ఎందుకు రావడం లేదో ఆండీకే వివరంగా చెబుతాడు. లావు, వయసు, అనుభవం లేకపోవడం, అన్నీ. అదే నిజాయితీతో పని ఇచ్చేవాళ్ళకీ చెబుతాడు. ఆ నిజాయితీ వల్లే పని రాదు. పని రానప్పుడు కమీషన్ తీసుకోడు, సున్నాలో వాటా సున్నాయే కదా. ఏజెంటుకీ కళాకారుడికీ మధ్య ఇంతటి ఆర్థిక సమానత్వం నేనెక్కడా చూడలేదు.

రెండో సిరీస్ ఆఖర్లో రాబర్ట్ డి నీరోతో ఆండీకి మీటింగు కుదురుతుంది. కుదిర్చినవాడు ఎవరు? ఈ పనికిమాలినవాడే. ఆ సమయానికి ఆండీ జబ్బుతో ఉన్న ఒక పిల్లవాడి కోసం ఆస్పత్రికి వెళ్ళి రాలేకపోతాడు. ఇక్కడ అంత పెద్ద నటుడు ఎదురుగా కూర్చున్నాడు. డారెన్ ఏం చెయ్యాలి? తన దగ్గరున్న ఆస్తి బయటికి తీస్తాడు. తిరగేస్తే లోపలి అమ్మాయి బొమ్మ మీద బట్టలు జారిపోయే పెన్ను. డి నీరో దాన్ని పిల్లాడిలా తిరగేసి తిరగేసి చూస్తాడు. ప్రపంచంలో అత్యంత గంభీరమైన నటుణ్ణి ఒక పెన్నుతో కూర్చోబెట్టినవాణ్ణి అసమర్థుడంటారా? అతను కూర్చోబెట్టాడు, రావలసినవాడు రాలేదు. తప్పు ఎవరిది?

డారెన్ దగ్గర ఇంకో క్లయింటు ఉన్నాడు. ఇతని కథ చెప్పేటప్పుడు నాకు గొంతు పూడుకుపోతుంది. షాన్ విలియమ్సన్ అనే నటుడు, తన పాత్రలో తానే. ‘ఈస్ట్‌ఎండర్స్’ అని బీబీసీలో 1985 నుంచి నడుస్తున్న సీరియలొకటి ఉంది. అందులో ఈయన 1994 నుంచి 2004 దాకా బ్యారీ అనే పాత్ర వేశాడు. కొత్త సంవత్సరం వేళ కొత్త పెళ్ళాం కొండమీంచి తోసేస్తే బ్యారీ చచ్చిపోయాడు. పాత్ర పోయింది గానీ పేరు వదల్లేదు. ఏజెంటు కూడా ఆయన్ని బ్యారీ అనే పిలుస్తాడు. ఆఫీసులో చిల్లర పనులు చేయిస్తాడు. చివరికి ఇద్దరూ సెల్‌ఫోన్ల షాపులో తేలతారు.

ఇది చూసి మన తెలుగువాళ్ళు నవ్వకూడదు. ఏ విలన్ పాత్ర వేసినాయనో మార్కెట్లో వంకాయలు బేరం చేస్తుంటే, వెనక నుంచి ఆ పాత్ర పేరుతో కేకేసి, ఆయన తిరిగి చూసేదాకా వదలని జాతి మనది. ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా మిగలదు. అయినా ఆయనకి ఒక పేరుంది. నా మోచేతికి అదీ లేదు.

సాయంత్రానికి మందులో అసలు డోసు వచ్చింది. ఆండీ రాసుకున్న స్క్రిప్టు ప్యాట్రిక్ స్టూవర్ట్ అనే పెద్ద నటుడి చేతిలో పడుతుంది. ఆయన చలవతో బీబీసీ దాకా వెళుతుంది. రెండో సిరీస్‌కి వచ్చేసరికి ఆండీ సొంత కామెడీకి హీరో. ఇక డైలాగులే డైలాగులు. కానీ ఆ డైలాగులు ఎలాంటివి? ఉంగరాల విగ్గు, పెద్ద కళ్ళద్దాలు, ప్రతి భాగంలోనూ “జోకులేస్తున్నావా” అనే అర్థం వచ్చే ఒకటే ముక్క పదేసి సార్లు. తను రాసుకున్నది ఫ్యాక్టరీ మనుషుల కథ, చానల్ వాళ్ళ సలహాలు ఒకటొకటీ చేరి విగ్గయింది. జనం విరగబడి చూస్తారు. ఆండీకి మాత్రం తన మొహం టీవీలో చూస్తే చచ్చేంత సిగ్గు.

గుంపులో ఉన్నన్నాళ్ళూ మొహం కనబడలేదని ఏడ్చాడు. ముందుకొచ్చాక ఆ మొహాన్ని విగ్గుతో, అద్దాలతో కప్పేశారు. చేతులారా రాసుకున్న కథలోనే సొంత మొహానికి చోటు దొరకనివాణ్ణి ఏమంటారో నాకు తెలియదు. కనీసం నా మోచెయ్యి ఒరిజినల్.

ఒక క్లబ్బులో పాటగాడు డేవిడ్ బోవీ పక్కన కూర్చుని ఆండీ తన గోడంతా వెళ్ళబోసుకుంటాడు. కళని అమ్ముకున్నాను, జనం నన్ను చూసి నవ్వుతున్నారు అని. బోవీ శ్రద్ధగా వింటాడు. తిన్నగా పియానో దగ్గరికి తిరిగి, ఈ పొట్టి లావు మనిషి మీద అప్పటికప్పుడు పాట కడతాడు. క్లబ్బంతా కోరస్. ఆ సీను దగ్గర మావాడు కింద పడి దొర్లి నవ్వాడు. నేను కూడా నవ్వాను గానీ, చాలాసేపు కాదు. మా థియేటర్లో మోచెయ్యి వచ్చినప్పుడు మా అన్నయ్య కూడా ఇలాగే నవ్వాడు.

చరిత్రకారుల కోసం ఒక చిన్న విషయం నమోదు చేస్తున్నాను. ఈ ఆండీ పాత్రకే 2007లో రికీ జర్వైస్‌కి ఎమ్మీ ఉత్తమ హాస్యనటుడి అవార్డు వచ్చింది. పేరు చదివారు, ఆయన హాల్లో లేడు. ఇవ్వడానికి వచ్చినవాళ్ళు అవార్డును కింద కూర్చున్న స్టీవ్ కారెల్ చేతిలో పెట్టేశారు. జర్వైస్ ఇంగ్లండులో సృష్టించి, నటించిన ఆఫీసు బాసు పాత్రని అమెరికాలో వేసిన నటుడాయన. గుంపులో మనుషుల మీద తీసిన సీరియల్‌కి అవార్డొస్తే, తీసుకునే వేళకి గెలిచినవాడు ఫ్రేములో లేడు. దీన్ని మించిన కంటిన్యుటీ ఉండదు.

ఆదివారం మధ్యాహ్నం పెసరట్లు అయ్యాక మ్యాగీ గురించి చర్చించాం. మ్యాగీ జేకబ్స్ ఆండీకి స్నేహితురాలు, ఆమె కూడా ఎక్స్‌ట్రానే. ఆష్లీ జెన్సెన్ వేసింది. ఈ పిల్లకి ఆశయాలు లేవు. డైలాగు అక్కర్లేదు. సెట్లో ఎవరైనా మంచి మగాడు కనబడతాడేమో చూసుకోవడం, టీ తాగడం, అర్థంపర్థం లేని చచ్చు ప్రశ్నలతో ఆండీ ప్రాణం తియ్యడం. చెప్పకూడని మాట చెప్పకూడని మనిషి ముందే అనేస్తుంది. ఒక వ్యాసకర్తగా ఆమె క్రమశిక్షణా రాహిత్యాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియలేదు. మా ఆవిడ మాత్రం అట్లకాడ చేత్తో పట్టుకుని వచ్చి, “ఈ అమ్మాయొక్కతే మనిషిలా ఉంది” అని చెప్పి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. విమర్శకులకి పేజీలు పట్టే మాట.

ఆఖరి ప్రత్యేక భాగంలో మ్యాగీ ఒక ఘోరం చేస్తుంది. క్లైవ్ ఓవెన్ సినిమాలో ఆమెకు చిన్న వేషం. వేశ్య పాత్ర. ఆమె అందం చాలదని ఆమె ఎదురుగానే చర్చిస్తారు. ఆమెని ఇంకా అవమానించేలా సీను మారుస్తారు. పెద్ద సినిమా, పెద్ద నటుడు, కెమెరా నేరుగా ఆమె మీద. మామూలు ఎక్స్‌ట్రా అయితే మహద్భాగ్యమనుకుని కళ్ళు మూసుకోవాలి. ఈమె చెయ్యనంటుంది. అనేసి వెళ్ళిపోతుంది. తర్వాత పాచిపని చేసుకుంటూ, అగ్గిపెట్టెంత గదిలో బతుకుతుంది.

ఇలాంటి ధోరణి ఎంత ప్రమాదకరమో నిర్మాతలకి నేను చెప్పక్కర్లేదు. గుంపులో ఒకరు చెయ్యననడం నేర్చుకుంటే పక్కవాడు కూడా నేర్చుకుంటాడు. ఇంగ్లండులో ఒక్క మ్యాగీ కాబట్టి సరిపోయింది. మన దగ్గర 2025 ఆగస్టులో 24 శాఖల కార్మికులు కలిసి 30 శాతం కూలీ పెంచమంటూ కూర్చునేసరికి షూటింగులే ఆగిపోయాయి. ఆ రోజుల్లో కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర నిలబడి చూశాను. పోలీసులు, లాయర్లు, పెళ్ళిపెద్దలు, రౌడీలు, అందరూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నారు. అందరూ మాట్లాడుతున్నారు. శబ్దం వస్తోంది. నాకు చాలా కొత్తగా అనిపించింది.

ఆండీ సంగతి ఎటూ తేలలేదు. విగ్గు వదిలేశాక ‘డాక్టర్ హూ’ అనే సీరియల్లో గ్రహాంతరం నుంచి వచ్చిన నత్తలాంటి జీవి వేషం దాకా దిగాడు. ఆ తర్వాత ‘సెలబ్రిటీ బిగ్ బ్రదర్’ ఇంట్లోకి వెళ్ళాడు. బిగ్ బ్రదరంటే మన బిగ్‌బాస్‌కి సొంత అన్నగారు. అక్కడ కూర్చుని, కెమెరాల ముందే, కెమెరాల కోసం ఇంతగా దేబిరిస్తున్న మనుషుల్ని, అందులో తనని తాను, దుమ్ము దులిపేస్తాడు. తనని క్షమించమని మ్యాగీని అడుగుతాడు. జీవితమంతా వెతుక్కున్న డైలాగు అప్పుడు దొరికింది. రాసిచ్చినవాడు లేడు, విగ్గు లేదు. ఆ మాటలకి జనం మళ్ళీ ఎగబడతారు. బయట విలేఖరులు, కొత్త ఏజెంటు కాచుకుని ఉంటారు. ఇతను వాళ్ళ కళ్ళు కప్పి మ్యాగీతో కారెక్కి వెళ్ళిపోతాడు.

టీవీ కట్టేశాను. గదిలో నిశ్శబ్దం. మావాడి కళ్ళలో నీళ్ళు. మందు పని చేసిందని నాకు రూఢి అయింది. వంటింటి వైపు తిరిగి మా ఆవిడకి బొటనవేలు కూడా చూపించాను.

“బాబాయ్” అన్నాడు వాడు ముక్కు తుడుచుకుని. “అంత చచ్చు ఏజెంటుతో కూడా అతనికి సొంత షో వచ్చేసింది కదా. నాకు మంచి ఏజెంటు దొరికితే రెండేళ్ళు చాలు.”

సోమవారం బ్యాంకుకి వెళ్ళాడు, అది నిజమే. జీతం లేని సెలవు పెట్టడానికి వెళ్ళాడు. మా ముందు గదిలో దివాను కాట్ మీద మకాం వేసి రోజూ పొద్దున్నే కృష్ణానగర్ వెళ్ళడం మొదలెట్టాడు. ఐదో వారానికి వేషం వచ్చింది. ఆస్పత్రి సీనులో శవం. పాఠకులు తేలిగ్గా తీసుకోవద్దు. ఈ వృత్తిలో శవానికి ఉన్న హోదా బతికున్నవాళ్ళకి లేదు. గుంపులోవాడు వెనక నిలబడతాడు, శవం మధ్యలో పడుకుంటుంది. కెమెరా దాని మీదికే వస్తుంది. హీరో అంతటివాడు దాని గుండె మీద తల పెట్టి ఏడుస్తాడు. ఊపిరి బిగబట్టడం తప్ప వేరే నటనా భారం లేదు. పూర్తి మొహం, నాలుగు సెకన్లు. నేను సెల్‌ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కేశాను.

తెనాలిలో మా వదిన ఆ సీను చూసి సొమ్మసిల్లినంత పనైంది. కన్నకొడుకుని ముక్కులో దూదితో చూడటం ఏ తల్లికైనా కష్టమే. తేరుకున్నాక నాకే ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. “మొహం బాగా కనబడిందయ్యా. నీ చెయ్యి కంటే చాలా నయం” అంది.

నిన్న రాత్రి మావాడు అన్నం తింటూ ఒక కబురు చెప్పాడు. వచ్చే వారం పెద్ద పెళ్ళి సీను ఉందట, పెళ్ళిపెద్దలు తక్కువయ్యారట, పట్టుపంచె కట్టడం వచ్చిన యాభై పైబడినవాళ్ళు కావాలట. నేను నవ్వి ఊరుకున్నాను. 13 భాగాలు చూసినవాణ్ణి, ఇంత పెద్ద వ్యాసం రాస్తున్నవాణ్ణి, నాకీ పిచ్చి ఎందుకుంటుంది? మజ్జిగ పోసుకుంటూ మాటవరసకి మాత్రం అడిగాను, డైలాగు ఏమైనా ఉంటుందా అని.

మా ఆవిడ ఏమీ అనలేదు. బీరువాలోంచి వాచీ తీసుకొచ్చి కంచం పక్కన పెట్టింది.

“ఈసారి కుడిచేతికి పెట్టుకోండి” అంది.